సస్పెన్స్ ఖాతా

కింద టైర్ల షాపు, పైన మా కాలేజీ.
గ్రీమ్స్‌పేటలో మెట్లెక్కే వాళ్ళకి
ముందు రబ్బరు వాసన, తర్వాతే బోర్డు.
మూడు గదులు, అరవై ఒక్క మంది.
లైబ్రరీ అంటే ఒక బీరువా,
దాని తాళంచెవి చెంగల్రాయులు సార్ జేబులో
బీడీకట్ట పక్కన.

సార్ పగలు మాకు అకౌంట్స్,
పొద్దు వాలితే బెల్లం మండీలో చిట్టా.
చాక్‌పీసు పట్టిన వేళ్ళ మీద ఈగలు వాలేవి.
"చెయ్యి తీపేరా, జీతమే చప్పిడి" అని
తనే ముందు నవ్వేవాడు.

గురువారం గురువారం ప్రెజెంటేషన్.
"గుడ్ మార్నింగ్ వన్ అండ్ ఆల్" దాకా అందరం పులులం.
ఆ తర్వాత ఫ్యాను చప్పుడు.

నా మొదటి ట్రయల్ బ్యాలెన్స్ కుదర్లేదు.
డెబ్బై రూపాయలు తేడా.
రాత్రంతా కూడినాను.
తెల్లారి, పదుల స్థానంలో ఒక రెండును చెరిపి
తొమ్మిది చేసి, కుదిరిందని చూపించినాను.
సార్ కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి
చెరిపిన చోటు వేలితో తడిమినాడు.
"కుదరంది కుదరలేదనే రాయబ్బా.
సస్పెన్స్ ఖాతా అని ఒకటుండాది.
తేడాను దాంట్లో పెట్టి ముందుకు పో,
దొరికే రోజు దొరుకుతుంది.
తొమ్మిదితో తెగితే అంకెలు తారుమారైనట్టు.
రెండుతో తెగితే
సగం యాడో తప్పు పక్కన రాసినట్టు."

పక్క బెంచీ హంసవేణి
నాకన్నా ముందే పట్టింది: ముప్పై అయిదు, బండి కూలి,
డెబిట్‌లో ఉండాల్సింది క్రెడిట్‌లో.
పెన్సిల్‌తో దాని చుట్టూ చిన్న సున్నా చుట్టింది, అంతే.
ఒక్క మాట అనలేదు.

బంగారుపాళ్యం బస్సులో వచ్చేది.
ఆమె క్యాలిక్యులేటర్‌లో ఎనిమిది సగమే వెలిగేది,
అది మూడో ఎనిమిదో ఆమెకే తెలుసు.
ఆ ఏడు రీయింబర్స్‌మెంటు రాలేదు.
హాల్‌టికెట్లు ఆఫీసు బల్ల మీద
రబ్బరు బ్యాండు బిగించి.
కొందరం కట్టినాం, కొందరం బతిమిలాడినాం.
షఫీ వాళ్ళన్న బండి అమ్మినాడు.
ఆమె ఈ మూడూ చెయ్యలేదు. రాలేదు.
క్యాలిక్యులేటర్ నా దగ్గరే ఉండిపోయింది.

జూన్.
ఊరంతా బెంగళూరా కాయ వాసన,
రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు, ట్రాక్టర్ల కింద
నిద్రపోతా రైతులు.
ఇండస్ట్రియల్ విజిట్ అని మమ్మల్ని
పల్ప్ ఫ్యాక్టరీకి తోలుకుపోయినారు, టై కట్టుకొని రమ్మని.
ఏకాంబరం ఫోన్లో వీడియో చూసి
పద్దెనిమిది మందికి ముడి వేసినాడు.
తనది మాత్రం వేసుకోలేకపోయినాడు.

మేనేజర్ బోర్డు మీద రాస్తా ఉండాడు:
టన్ను కాయకు ఇంత గుజ్జు, ఇంత తొక్క, ఇంత టెంక,
మిగిలింది ప్రాసెస్ లాస్.
బెల్టు అవతల నీలం టోపీల వరసలో
ఒక టోపీ పైకి లేచింది.
చేతిలో కత్తి, మోచేతుల దాకా పసుపు రసం.
మేనేజర్ కూడిక తప్పినాడు.
మాలో ఒక్కరం పట్టలేదు.
ఆమె గ్లవ్స్ చెయ్యెత్తి మూడు వేళ్ళు చూపింది,
మళ్ళీ కాయ మీదికి వంగింది.

సార్ చూసినాడు.
"అక్కడ మూడు రావాల సార్" అన్నాడు మెల్లగా.
ఎవరు చెప్పిందీ చెప్పలేదు.
మేనేజర్ అరచేత్తో తుడిచి, సరి చేసి,
"స్టాఫ్ బాగుండారే మీ కాలేజీలో" అన్నాడు.
వచ్చేటప్పుడు తలా ఒక గుజ్జు డబ్బా ఇచ్చినారు.
నాది ఇంకా తెరవలేదు.

మర్నాడు హాజరు.
ఇరవై ఆరు అయినాక
"ఇరవై ఏడు" అని సార్ ఆగినాడు.
కింద ఎవరో లారీ టైరుకు గాలి పడతా ఉండారు,
ఎంతకీ నిండదు.
ఎర్ర పెన్ను గడి మీదికి వచ్చింది.
ఉందనీ రాయలేదు, లేదనీ రాయలేదు.
ఖాళీగా వదిలి "ఇరవై ఎనిమిది" అన్నాడు.

నేనే ఇరవై ఎనిమిది.
ఎస్ సార్ అనడానికి
కొంచెం ఆలస్యమయింది.